కంటిన్యుయేషన్ హైస్కూల్ అంకెలు ఎలా చదవాలి? కాలిఫోర్నియా తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా చిన్నవాడు పదకొండో తరగతి మధ్యలో కంటిన్యుయేషన్ హైస్కూల్‌కి మారి అక్కడే డిప్లొమా తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి తెలుగు ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కువగా రాత్రి పదకొండు దాటాక, పిల్లలు పడుకున్నాక చేస్తారు. గొంతు తగ్గించి మాట్లాడతారు. అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. సగానికి పైగా ఆ స్కూల్ గురించి ఇంటర్నెట్‌లో కనబడే అంకెలు చూసి భయపడి అడిగేవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇవి కాలిఫోర్నియా పబ్లిక్ స్కూళ్ళకు సంబంధించినవి. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి పేర్లు, నియమాలు మారతాయి.

## కౌన్సెలర్ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు

కంటిన్యుయేషన్ స్కూల్ అంటే తప్పు చేసిన పిల్లల్ని పంపే చోటా?

కాదు. డిప్లొమాకి కావలసిన క్రెడిట్లలో వెనకబడిన 16 ఏళ్ళు దాటిన పిల్లల కోసం పెట్టిన చిన్న హైస్కూల్ అది. కాలిఫోర్నియాలో ఈ పద్ధతి 1919 నుంచి ఉంది. అప్పట్లో పనికి వెళ్ళే పిల్లలకు చదువు ఆగిపోకుండా కొన్ని గంటలైనా బడి ఉండాలని మొదలుపెట్టారు. ఇప్పుడు రాష్ట్రమంతటా సుమారు 400 ఉన్నాయి. డిప్రెషన్‌తో నెలల తరబడి బడి మానేసినవాళ్ళు, బిడ్డను కన్నవాళ్ళు, ఇంటి ఖర్చుకి రాత్రిపూట పని చేసేవాళ్ళు, తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా తప్పి అక్కడి నుంచి కోలుకోలేనివాళ్ళు, అందరూ కనబడతారు. గొడవలు పడి వచ్చినవాళ్ళూ కొందరు ఉంటారు. ఆ కొందరిని బట్టే ఊళ్ళో స్కూల్‌కి పేరు పడిపోతుంది. ఇది మిగతా పిల్లలకి చాలా అన్యాయం.

క్రెడిట్లు తగ్గాయి అంటున్నారు. అసలు ఎన్ని కావాలి?

ఒక సబ్జెక్టు ఒక సెమిస్టర్ పాసైతే సాధారణంగా 5 క్రెడిట్లు. రాష్ట్రం కనీసం 13 ఏడాది కోర్సులు అడుగుతుంది, అంటే 130 క్రెడిట్లు. ఇంగ్లీష్ మూడేళ్ళు, లెక్కలు రెండేళ్ళు, సైన్స్ రెండేళ్ళు, సోషల్ మూడేళ్ళు, వ్యాయామం రెండేళ్ళు, వీటితోపాటు కళలు, విదేశీ భాష, వృత్తి కోర్సుల్లో ఏదో ఒకటి ఒక ఏడాది. దీని మీద ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్ళను నడిపే సంస్థ) తనకు కావలసినన్ని కలుపుకోవచ్చు. చాలా డిస్ట్రిక్ట్‌లు 220 దాకా అడుగుతాయి. ఆరు సబ్జెక్టులు చదివే పిల్లాడికి ఏడాదికి 60 వస్తాయి. పదకొండో తరగతి సగంలో 150 ఉండాల్సినవాడికి 85 ఉన్నాయంటే మామూలు టైమ్‌టేబుల్‌లో అది పూడదు. కౌన్సెలర్ ఆ మాట ఎత్తేది అందుకే. ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడ్లు, క్రెడిట్ల రికార్డు) అడిగి తీసుకుని ఏ సబ్జెక్టులో ఎన్ని తగ్గాయో మీరే కాగితం మీద వేసుకోండి.

మేం ఇండియా నుంచి ఈ మధ్యే వచ్చాం. అమ్మాయి అక్కడ పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇక్కడ క్రెడిట్లు లేవంటున్నారు, ఎందుకు?

అమెరికాలో హైస్కూల్ తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది. కాబట్టి ఇండియాలో చదివిన తొమ్మిది, పది తరగతులకు ఇక్కడ క్రెడిట్లు ఇవ్వవచ్చు, కానీ ఎన్ని ఇవ్వాలో డిస్ట్రిక్ట్ నిర్ణయిస్తుంది. చాలామంది పదో తరగతి మెమో ఒక్కటే పట్టుకొస్తారు. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు లేక ఒక ఏడాది చదువు గాలికి పోతుంది. పాత స్కూల్ నుంచి స్టాంపు వేసిన రికార్డులు, ఇంటర్ మొదటి ఏడాది చదివి ఉంటే ఆ మెమో కూడా తెప్పించండి. స్కూల్ మార్చడానికి ఒప్పుకునే ముందు ఈ లెక్క రాతపూర్వకంగా తేల్చమనండి. అమెరికా చరిత్ర, ప్రభుత్వం లాంటి కోర్సులు మాత్రం ఇక్కడ చదవక తప్పదు. ఇక హెచ్-4 వీసా మీద ఉన్నారని బడిలో చేర్చుకోకపోవడం ఉండదు. పిల్లల ఇమిగ్రేషన్ స్థితిని బట్టి పబ్లిక్ స్కూల్ తలుపు మూయకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మాకు ఇష్టం లేకపోయినా బలవంతంగా మార్చగలరా?

క్రెడిట్లు తగ్గాయన్న ఒక్క కారణంతో అయితే మీ ఒప్పుదల కావాలి. బలవంతపు మార్పుకి చట్టం చెప్పే కారణాలు వేరు: సస్పెన్షన్‌కి దారితీసేంత తప్పు చేయడం, లేదా బడికి అలవాటుగా ఎగ్గొట్టడం. అప్పుడు కూడా ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, మీరు అడిగితే మీటింగ్ పెట్టాలి. చివరి నిర్ణయం తీసుకునేవాళ్ళలో పిల్లాడు అప్పటికి చదువుతున్న స్కూల్ సిబ్బంది ఉండకూడదు. మనవాళ్ళు టెన్షన్‌లో మొదటి మీటింగ్‌లోనే సంతకం పెట్టేస్తారు. కాగితం ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని వస్తామని చెప్పండి. తప్పేమీ లేదు.

## ఎవరు చదువుతున్నారో చూసేటప్పుడు

ఒకచోట 90 మంది విద్యార్థులు అని ఉంది, ఇంకోచోట 160 అని ఉంది. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. మొదటిది అక్టోబర్ మొదటి బుధవారం నాటి తల లెక్క. ఆ రోజు రోల్‌లో ఎవరున్నారో అదే రాష్ట్రానికి వెళ్తుంది. రెండోది ఏడాది పొడవునా ఎప్పుడో ఒకప్పుడు అక్కడ చేరిన పిల్లలందరి మొత్తం. మామూలు హైస్కూల్లో ఈ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. కంటిన్యుయేషన్ స్కూల్లో పిల్లలు నవంబర్‌లో వస్తారు, ఫిబ్రవరిలో వస్తారు, క్రెడిట్లు పూర్తి కాగానే కొందరు వెళ్ళిపోతారు. బస్టాండ్‌లో ఒక నిమిషం ఫొటో తీసి రోజంతా వచ్చినవాళ్ళ సంఖ్య చెప్పలేం కదా, అలాంటిదే ఇది. రెండు అంకెల మధ్య తేడా ఎంత పెద్దదైతే అక్కడి టీచర్ల పని అంత కష్టం. ప్రతి నెలా కొత్త మొహాలు, ఒక్కొక్కరు ఒక్కో చోట ఆగిపోయి వచ్చినవాళ్ళు.

"ఏషియన్" అన్నచోట అంకె లేదు, నక్షత్రం గుర్తు ఉంది. మన పిల్లలు ఒక్కరూ లేరనా?

లేరని కాదు, కొద్దిమందే ఉన్నారని. ఒక గుంపులో పిల్లలు 10 మంది లేదా అంతకంటే తక్కువ ఉంటే ఏ పిల్లాడి సంగతి అన్నది బయటపడుతుందని వాళ్ళ ఫలితాలు దాచేస్తారు. చిన్న స్కూల్లో ఇలా సగం గడులు నక్షత్రాలతోనే ఉంటాయి. పైగా తెలుగు పిల్లలు, చైనీస్ పిల్లలు, వియత్నామీస్ పిల్లలు అందరూ ఆ ఒక్క గడిలోనే పడతారు. అందుకని మనవాళ్ళు ఎందరో ఈ పట్టిక చూసి చెప్పడం కుదరదు. మా వాడి క్లాసులో ఇంకో ఇద్దరు తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రుల్ని నేను గ్రాడ్యుయేషన్ రోజునే మొదటిసారి చూశాను. అందరం ఎవరికి వారం దాచుకున్నాం.

80 శాతం మంది "సోషియో ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్" అని ఉంది. అంటే ఏమిటి?

ముఖ్యంగా రెండు రకాల పిల్లలు ఇందులోకి వస్తారు. ఇంటి ఆదాయం తక్కువగా ఉండి ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హత ఉన్నవాళ్ళు ఒకరు. తల్లిదండ్రులిద్దరిలో ఎవరూ హైస్కూల్ పూర్తి చేయనివాళ్ళు రెండోవారు. భోజనం హద్దు కేంద్ర ప్రభుత్వ పేదరిక రేఖకి 185 శాతం. 2022-23 నుంచి కాలిఫోర్నియాలో పబ్లిక్ స్కూల్ పిల్లలందరికీ భోజనం ఉచితమే అయినా, ఈ లెక్క మాత్రం ఇంకా ఆదాయాన్ని బట్టే వేస్తారు. బే ఏరియా అద్దెలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, రెండు ఉద్యోగాలు చేసే ఇల్లు కూడా ఈ హద్దు కింద ఉండవచ్చు. ఈ అంకె పిల్లల ప్రవర్తన గురించి ఏమీ చెప్పదు. చాలామంది బడి అయ్యాక పనికి వెళ్తారని మాత్రం ఊహించుకోవచ్చు.

హోమ్‌లెస్ పిల్లలు ఉన్నారని చూసి మావారు వద్దంటున్నారు. నిజంగా అంత భయపడాలా?

అక్కర్లేదు. బడి లెక్కల్లో హోమ్‌లెస్ అంటే రోడ్డు మీద పడుకునేవాళ్ళు మాత్రమే కాదు. ఇల్లు పోయి, అద్దె కట్టలేక బంధువుల ఇంట్లో సర్దుకుని ఉంటున్న కుటుంబం పిల్లలు కూడా మెకిన్నీ-వెంటో చట్టం ప్రకారం హోమ్‌లెస్ కిందే వస్తారు. మోటెల్లో, కారులో ఉండేవాళ్ళు కూడా. మన ఊళ్ళలో అయితే "మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు" అంటాం, ఎవరూ వింతగా చూడరు. మా వాడికి లెక్కలు నేర్పిన స్నేహితుడు అలాంటి పిల్లాడే. నలుగురున్న గదిలో నేల మీద పడుకుని పొద్దున్నే ఎనిమిదింటికి అందరికంటే ముందు క్లాసులో ఉండేవాడు.

ఇంగ్లీష్ లెర్నర్లు ఎక్కువ ఉంటే మా పిల్లాడి ఇంగ్లీష్ దెబ్బతింటుందా?

లేదు. చేరేటప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడతామని ఫారంలో రాస్తే మీ పిల్లాడికి కూడా ఎల్పాక్ అనే ఇంగ్లీష్ స్థాయి పరీక్ష పెడతారు, అందులో ఫలితాన్ని బట్టి వాడూ ఆ గుంపులోకి రావచ్చు. అది భాషా స్థాయికి పెట్టిన పేరు, తెలివికి కాదు.

## మార్కులు, రేట్లు చూసేటప్పుడు

లెక్కల్లో 3 శాతం మందే స్టాండర్డ్‌కి చేరారని ఉంది. టీచర్లు చెప్పడం లేదా?

హైస్కూల్లో రాష్ట్రం పెట్టే క్యాస్ప్ లెక్కల పరీక్ష పదకొండో తరగతిలో ఒక్కసారే. నాలుగు స్థాయిలు ఉంటాయి, పై రెండు స్థాయిలవాళ్ళనే స్టాండర్డ్‌కి చేరినట్టు లెక్కిస్తారు. ఆ పరీక్షలో ఆల్జీబ్రా రెండో భాగం స్థాయి దాకా వస్తుంది. కంటిన్యుయేషన్ స్కూల్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది మొదటి ఆల్జీబ్రానే పూర్తి చేయలేదు. జనవరిలో చేరిన పిల్లాడు ఏప్రిల్‌లో పరీక్ష రాస్తే, ఆ మార్కు పాత స్కూల్లో గడిచిన రెండున్నరేళ్ళ గురించి చెబుతుంది, కొత్త స్కూల్లో గడిచిన మూడు నెలల గురించి చాలా తక్కువ చెబుతుంది. కానీ పేరు కొత్త స్కూల్‌దే పడుతుంది.

ఇలా అని చదువు బ్రహ్మాండంగా ఉందని నేను అనను. కొన్ని చోట్ల నిజంగానే లెక్కలు వర్క్‌షీట్ల మీద నడుస్తాయి, టీచర్ బోర్డు మీద చెప్పేది తక్కువ. 3 శాతం అన్న అంకె ఈ రెండు రకాల స్కూళ్ళనూ విడదీసి చూపించదు. క్లాసులో కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

పాత స్కూల్ గ్రాడ్యుయేషన్ రేటు 95, దీనిది 62. ఇంత తేడా ఉన్నా ఎలా పంపాలి?

మామూలుగా కనబడే రేటు ఇలా లెక్కిస్తారు: తొమ్మిదో తరగతిలో కలిసి మొదలైన పిల్లల్లో నాలుగేళ్ళలో డిప్లొమా తీసుకున్నది ఎందరు. 2010-11 నుంచి అమెరికా అంతటా ఇదే పద్ధతి. అప్పుడు దేశం మొత్తానికి 79 శాతం ఉండేది, 2021-22కి 87 అయింది. ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లాడు చివరికి ఏ స్కూల్లో ఉంటే ఆ స్కూల్ లెక్కలోకే వస్తాడు. పెద్ద హైస్కూల్లో మూడేళ్ళు వెనకబడి, పన్నెండో తరగతిలో చిన్న స్కూల్‌కి మారి పూర్తి చేయలేకపోతే, ఆ లోటంతా చిన్న స్కూల్ ఖాతాలో పడుతుంది. పెద్ద స్కూల్ రేటు మాత్రం చెక్కుచెదరదు. మీకు కనబడే 95లో కొంత భాగం ఇలా వచ్చిందే.

జీఈడీ (డిప్లొమాకి బదులుగా రాసే పరీక్ష) పాసైనవాళ్ళు కూడా గ్రాడ్యుయేట్ల లెక్కలోకి రారు. అయిదో ఏడు పూర్తి చేసినవాళ్ళు నాలుగేళ్ళ రేటులో కనబడరు. ఉదాహరణకి 50 మందిలో 28 మంది నాలుగేళ్ళలో, ఇంకో 8 మంది మరుసటి ఏడు పూర్తి చేస్తే మొదటి రేటు 56, అయిదో ఏడు కలిపితే 72. స్కూల్ అదే, పిల్లలూ వాళ్ళే.

"డాస్" స్కూల్ అని రాసి ఉంది. అదేమైనా హెచ్చరికా?

హెచ్చరిక కాదు. స్కూళ్ళ పనితీరును రంగులతో చూపించే తన వెబ్‌సైట్ డ్యాష్‌బోర్డ్‌లో ఆల్టర్నేటివ్ స్కూళ్ళకు, అంటే మామూలు బడిలో ఇమడని పిల్లల కోసం పెట్టినవాటికి, రాష్ట్రం ఇచ్చే గుర్తింపు. కంటిన్యుయేషన్ స్కూళ్ళకు ఇది నేరుగా వస్తుంది. వేరే రకం స్కూళ్ళయితే కనీసం 70 శాతం మంది చదువు ఆగిపోయే ప్రమాదంలో ఉన్న పిల్లలై ఉండాలి. ఈ స్కూళ్ళకు ఒక ఏడాది గ్రాడ్యుయేషన్ రేటు అని వేరుగా ఉంది: ఆ ఏడు పన్నెండో తరగతిలో ఉండి పూర్తి చేయాల్సినవాళ్ళలో ఎందరు పూర్తి చేశారు అని. మీకు ఒక్క అంకె చూసే ఓపికే ఉంటే ఇదే చూడండి. స్కూల్ తన చేతికొచ్చిన పిల్లల్ని ఏం చేసిందన్నది నాలుగేళ్ళ రేటు కంటే ఇందులో బాగా తెలుస్తుంది.

పోయినేడు 58, ఈ ఏడు 76. ఒక్క ఏడాదిలో అంత బాగుపడుతుందా?

బాగుపడి ఉండవచ్చు, ఊరికే ఊగి ఉండవచ్చు. 40 మంది ఉన్న క్లాసులో ఒక్క పిల్లాడు రెండున్నర శాతం. ఏడుగురు పిల్లలు అటు కాకుండా ఇటు పడితే 58 కాస్తా 76 దాకా వస్తుంది. పరీక్ష రాసింది 12 మందే అయితే ఒక్కరి మార్కు 8 శాతం పైనే మారుస్తుంది. 30 మంది కంటే తక్కువ ఉన్న గుంపుకి డ్యాష్‌బోర్డ్ రంగు ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ఏ ఒక్క ఏడాదినీ నమ్మకండి. నాలుగైదేళ్ళవి పక్కపక్కన రాసుకోండి. అయిదేళ్ళూ యాభైల్లోనే ఉంటే అది ఊగడం కాదు, అక్కడ నిజంగా ఇబ్బంది ఉంది.

ప్రభుత్వం "సహాయం అవసరమైన స్కూళ్ళ" జాబితాలో పెట్టింది. మూసేస్తారా?

మూసేస్తారని కాదు. 2015లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, మూడో వంతు లేదా అంతకంటే ఎక్కువ మంది గ్రాడ్యుయేట్ కాని హైస్కూల్ ఆ జాబితాలోకి వస్తుంది. క్రెడిట్లలో వెనకబడ్డవాళ్ళనే చేర్చుకునే స్కూల్ అందులో కనబడడం ఆశ్చర్యం కాదు. ఇలాంటి స్కూళ్ళకు వేరే తరహా మెరుగుదల ప్రణాళికను రాష్ట్రం అనుమతించవచ్చని, మొత్తం 100 మంది కంటే తక్కువ ఉంటే డిస్ట్రిక్ట్‌కి ఇంకొంత వెసులుబాటు ఇవ్వవచ్చని ఆ చట్టంలోనే ఉంది.

రేటింగ్ వెబ్‌సైట్‌లో 10కి 1 ఇచ్చారు.

ఆ రేటింగ్‌లలో పరీక్ష మార్కుల బరువు చాలా ఎక్కువ. ఇల్లు కొనేవాళ్ళ కోసం ఏమో గానీ, క్రెడిట్లు పూడ్చుకోవాల్సిన మీ పిల్లాడి కోసం ఆ అంకె దేనికీ పనికిరాదు.

సగం మంది పిల్లలు బడికే రారని ఉంది. మా వాడూ అలాగే అయిపోతే?

ఈ భయంలో అర్థం ఉంది. పేరు నమోదై ఉన్న రోజుల్లో 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ రోజులు రానివాళ్ళను దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కిస్తారు. కంటిన్యుయేషన్ స్కూళ్ళలో ఇది నిజంగా పెద్ద సమస్య, అంకె చూసి తేలిగ్గా తీసుకోవద్దు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే మన పిల్లాడికీ మానేయాలనిపిస్తుంది. రానిరోజు స్కూల్ ఏం చేస్తుందో కనుక్కోండి. మా స్కూల్లో తొమ్మిదిన్నరకల్లా మనిషి ఫోన్ చేసేది, రికార్డు చేసిన గొంతు కాదు. పాత స్కూల్ నుంచి ఆరు వారాల గైర్హాజరు తర్వాత ఉత్తరం వచ్చింది.

## స్కూల్ చూడడానికి వెళ్ళినప్పుడు

ప్రిన్సిపాల్‌ని ఏం అడగాలి?

నేనైతే ఇవి అడుగుతాను. పోయిన ఏడు చేరిన పిల్లాడు సగటున ఒక సెమిస్టర్‌లో ఎన్ని క్రెడిట్లు తెచ్చుకున్నాడు? మామూలు స్కూల్లో 30 వస్తాయి. ఇక్కడా అంతే వస్తే లోటు పూడదు. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు? దీనికి పేరుపేరునా జవాబు చెప్పగలిగే ప్రిన్సిపాల్ ఉన్న స్కూల్ మంచిదని నా నమ్మకం. 100 మంది పిల్లల్ని గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. కౌన్సెలర్ వారానికి ఎన్ని రోజులు ఉంటారు? లెక్కలకి, సైన్స్‌కి ఆ సబ్జెక్టు టీచరే ఉన్నారా? పోయిన ఏడు పాసైనవాళ్ళలో ఎందరు కమ్యూనిటీ కాలేజీలో చేరారు? ఈ ప్రశ్నలకి విసుక్కుంటే అది కూడా ఒక జవాబే.

చేరిన నెలకే ఏ, బీ గ్రేడ్లు వస్తున్నాయి. నమ్మవచ్చా?

ఇక్కడ క్రెడిట్ ఇచ్చే తీరు వేరు. సెమిస్టర్ చివరిదాకా ఆగకుండా, పని పూర్తయిన కొద్దీ ఒకటి, అర క్రెడిట్ చొప్పున ఇస్తారు. చాలాచోట్ల 15 గంటల పనికి ఒక క్రెడిట్. పూర్తి చేసిన పనికే గ్రేడ్ కాబట్టి ఎఫ్‌లు అరుదు. ఇది మోసం కాదు. అయినా వారానికోసారి పిల్లాడి నోట్‌బుక్ తీసి, ఒక లెక్క మీ ముందు చేసి చూపించమనండి.

## చేరాక, ఆ తర్వాత

రోజుకి మూడు గంటలే బడి అంటున్నారు. మిగతా రోజంతా ఏం చేస్తాడు?

చట్టం ప్రకారం కనీసం రోజుకి 180 నిమిషాలు, వారానికి 15 గంటలు. కొన్ని స్కూళ్ళు అంతకంటే ఎక్కువే నడుపుతాయి. మిగతా సమయాన్ని ఖాళీగా వదిలితే మాత్రం ఇబ్బందే. మేం మొదటి రెండు నెలలు వదిలాం, వాడు మధ్యాహ్నాలు పడుకుని రాత్రుళ్ళు మేలుకునేవాడు. తర్వాత కమ్యూనిటీ కాలేజీలో ఒక క్లాసు పెట్టించాం. హైస్కూల్ పిల్లలు అక్కడ కోర్సు తీసుకోవచ్చు. ఆ క్లాసే వాడిని నిలబెట్టింది.

డిప్లొమా మీద కంటిన్యుయేషన్ అని ముద్ర ఉంటుందా? యూసీకి వెళ్ళగలడా?

అది పూర్తి స్థాయి హైస్కూల్ డిప్లొమా. ట్రాన్‌స్క్రిప్ట్‌లో స్కూల్ పేరు ఉంటుంది, అంతే. యూసీ, సీఎస్‌యూ అనే రెండు రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థలకు నేరుగా వెళ్ళడం మాత్రం కష్టమని ముందే చెప్పాలి. వాటిలో చేరడానికి ఏ-జీ అనే జాబితాలోని ఏడాది కోర్సులు 15 కావాలి, ప్రతిదాంట్లో సీ లేదా అంతకంటే మంచి గ్రేడ్ రావాలి. డిప్లొమాకి డీ చాలు, ఏ-జీకి చాలదు. చిన్న స్కూల్లో ల్యాబ్ సైన్స్, విదేశీ భాష తరచుగా ఉండవు. ఏ కోర్సులకు గుర్తింపు ఉందో యూసీ జాబితాలో స్కూల్ పేరుతో వెతికితే కనబడుతుంది.

ఎక్కువమంది వెళ్ళే దారి కమ్యూనిటీ కాలేజీ. రాష్ట్రంలో 116 ఉన్నాయి. అక్కడ రెండేళ్ళు బాగా చదివితే యూసీ డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లు షరతులు తీరినవాళ్ళకి ట్రాన్స్‌ఫర్ సీటు ముందే హామీ ఇస్తాయి. బర్కిలీకి, యూసీఎల్‌ఏకి ఆ హామీ లేదు, కానీ కమ్యూనిటీ కాలేజీ నుంచి అక్కడికీ ఏటా పిల్లలు వెళ్తూనే ఉంటారు.

క్రెడిట్లు పూడాక పాత స్కూల్‌కి తిరిగి వెళ్ళవచ్చా?

మీ ఇష్టంతో మారి ఉంటే మరుసటి విద్యా సంవత్సరం మొదట్లో తిరిగి వెళ్ళే హక్కు ఉంది. మధ్యలో వెళ్ళాలంటే డిస్ట్రిక్ట్ ఒప్పుకోవాలి. మారే కాగితం మీదే ఈ సంగతి రాయించుకోండి. పిల్లాడు మాత్రం వద్దనవచ్చు. మా వాడు వద్దన్నాడు.

ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళకి ఏమని చెప్పారు?

చాలా రోజులు చెప్పలేదు. వీడియో కాల్‌లో స్కూల్ మాట వస్తే మాట మార్చేవాళ్ళం. చివరికి వాడే ఫోన్ తీసుకుని చెప్పేశాడు, "అమ్మమ్మా, నేను కొన్ని సబ్జెక్టులు తప్పాను, ఇప్పుడు చిన్న స్కూల్లో కడుతున్నాను" అని. మా అమ్మ రెండే ప్రశ్నలు అడిగింది. అన్నం అక్కడే పెడతారా, పరీక్షలు ఎప్పుడైపోతాయి అని.